సేన్ 38 ఏళ్లు మోసిన ప్రశ్న

ఎకానమీ నోట్సులో అమర్త్య సేన్ పేరు పక్కన మనం సాధారణంగా ఒక్క ముక్కే రాసుకుంటాం: 1998 నోబెల్. మెయిన్స్‌కి అది చాలదు. ఆయన ఆలోచనలు ఎక్కడ పుట్టాయో తెలుసుకోవాలంటే 2021లో వచ్చిన ఆత్మకథ ‘హోమ్ ఇన్ ది వరల్డ్’ చదవండి.

సేన్ 1933లో శాంతినికేతన్‌లో పుట్టారు. పేరు పెట్టింది రవీంద్రుడు. చదువుకున్న శాంతినికేతన్ బడిలో మార్కుల మీద మోజును ప్రోత్సహించేవారు కాదు, కుతూహలానికే విలువ. ర్యాంకుల మధ్య పెరిగిన మన బీటెక్ వాళ్లకు ఇది వింతే!

1943 బెంగాల్ కరవునాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారు. అయినా ఆయన బంధువుల్లో, బడి స్నేహితుల ఇళ్లలో ఎవరికీ తిండికి ఇబ్బంది రాలేదు. ఎందుకలా? ఢాకాలో మత కలహాల రోజుల్లో కత్తిపోట్లు తిన్న కాదర్ మియా అనే కూలీ, రక్తం కారుతూ వాళ్ల ఇంటి ఆవరణలోకి వచ్చి మంచినీళ్లు అడిగాడు. ఆసుపత్రికి తీసుకెళ్లినా బతకలేదు. ఇంట్లో తిండి లేక, భార్య వద్దన్నా పనికోసం ఆ వీధిలోకి వచ్చాడు. పేదరికం మిగతా స్వేచ్ఛలను కూడా లాక్కుంటుందని సేన్ ఆ తర్వాత చెప్పిన మాటకు మూలం ఇదే. ఎథిక్స్ పేపర్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ప్రెసిడెన్సీ కాలేజీ, 18 ఏళ్లకే నోటి క్యాన్సర్, ఆ తర్వాత కేంబ్రిడ్జ్. 1956లో, 23 నిండకుండానే, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర విభాగాధిపతి అయ్యారు. ఇంత చిన్నవాడికా అని గట్టిగా నిరసనలు వచ్చాయి. అవి సహజమేనని ఆయనే రాశారు.

ఈ వయసుతో మన వయసు పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది. నేను చూసే లెక్క వేరు. చిన్నప్పటి ఆ ‘ఎందుకు’కి ఆయన పూర్తి జవాబు ‘పావర్టీ అండ్ ఫామిన్స్’ పుస్తకంగా వచ్చింది 1981లో, అంటే 38 ఏళ్ల తర్వాత. కరవు లేని 1941 కంటే 1943లో తిండిగింజలు తక్కువేమీ లేవని, యుద్ధకాలపు ధరల ముందు పల్లె కూలీల కొనే శక్తి పడిపోయిందని అందులో చూపించారు.

మాది మహబూబ్‌నగర్ జిల్లా. కూలికోసం ముంబై బస్సెక్కే కుటుంబాలను చిన్నప్పటినుంచీ చూశాను. వలస మీద నేను నోట్సు రాసుకునేది వాళ్లను తలచుకునే. ‘సివిల్స్ ఎందుకు?’ అని బోర్డు అడిగితే నా జవాబు అక్కడే మొదలవుతుంది.

మీరూ ఈ వారం ఒక పని చేయండి. మీ ఊళ్లో చూసిన, ఇంకా జవాబు దొరకని ఒక సంగతి కాగితం మీద రాసి, అది సిలబస్‌లో ఏ టాపిక్ కిందకు వస్తుందో వెతకండి. ఆ టాపిక్ ముందు చదవండి.