దండెం మీద రంగులు

రండి, ఇలా అరుగు మీద కూర్చోండి. నిన్న మా పెరట్లో జరిగిన సంగతి చెప్తాను.

తెల్ల లాల్చీ మీద పప్పుచారు ఒలికింది. సబ్బు పెట్టి రుద్దితే పసుపు మరక పోకపోగా ఎర్రబడి కూర్చుంది. మా అమ్మ చూసి, "రుద్దకురా, జాడించి ఎండలో పడెయ్, అదే పోతుంది" అంది. సాయంత్రానికి నిజంగానే జాడ లేదు. ఆ అమ్మే, మా ఆవిడ ఎర్ర నూలుచీర ఆరేస్తుంటే, "అమ్మాయ్, మిట్టమధ్యాహ్నం ఎండలోనా? వెలిసిపోదూ! తిరగేసి నీడన వెయ్యి" అంది.

మరి మరకేదో, చీరేదో ఎండకెలా తెలుస్తుందండీ?

తెలియదు. అసలు రంగంటేనే వెలుతురు తినే పదార్థం. పసుపు కొమ్ము కాంతిలోని ఊదానీ నీలాన్నీ తినేసి మిగతాది వదిలేస్తుంది. ఆ ఎంగిలే మన కంటికి పసుపు. తిన్న శక్తి చాలామట్టుకు వేడిగా దిగిపోతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం అరక్క, రంగు అణువులో బంధాన్ని తెంచేస్తుంది, లేదా గాలిలోని ఆక్సిజన్‌ని దానిమీదికి ఉసిగొల్పుతుంది. ఆ బంధాల వరుసే రంగుకి నోరు. నోరు పోయాక ఇంక తినేదేముంది, కనిపించేదేముంది? అతినీలలోహిత కిరణాలైతే మరీ ఘాటు. పసుపులోని కర్కుమిన్‌ది ఉత్త సుకుమారం, ఒక్క పూటకే చేతులెత్తేస్తుంది.

కిటికీకి అద్దం ఉందిగా అని ధీమా పడకండి. అద్దం ఆ ఘాటులో కొంతే ఆపుతుంది. మామూలు వెలుతురు కూడా తన పని తాను చేసుకుపోతుంది. కర్టెన్ మడత విప్పి చూడండి, లోపలి రంగు ఎంత కొత్తగా ఉంటుందో!

గోడ మీద పాత సినిమా పోస్టరు చూశారా? హీరోగారు నీలం తిరిగి ఉంటారు. పసుపు, ఎరుపు సిరాలు ముందు పోతాయి; నీలం, నలుపు మిగులుతాయి. వెలుతురు అన్నిటికన్నా ఎక్కువ తినేది నలుపే కదా అంటారేమో. నిజమే, కానీ అది బొగ్గుమసి. ఎంత తిన్నా అరిగించుకుంటుంది.

మన కోస్తాలో 17, 18 శతాబ్దాల్లో అద్దిన కలంకారీ బట్టలు ఐరోపాకి ఓడల్లో వెళ్లాయి. ఇప్పుడు అక్కడి మ్యూజియాల్లో వాటి పూలతీగలకు నీలం ఆకులు కనిపిస్తాయి. మనవాళ్లు ఆకుని నీలంగా ఎందుకు వేస్తారండీ! నీలిమందు మీద పసుపు పూసి ఆకుపచ్చ తెప్పించారు. పసుపు జారుకుంది, నీలం మిగిలింది. పటిక పట్టించిన చిరివేరు ఎరుపు మాత్రం పువ్వుల్లో ఇంకా ఉంది. పటికలోని లోహం రంగుని నూలుకి కట్టిపడేస్తుంది మరి. అలాంటి బట్టలున్న గదుల్లో వెలుతురు సుమారు 50 లక్సులు దాటనివ్వరు. చూడాలంటే వెలుతురు కావాలి, పడ్డ వెలుతురల్లా కొంత రంగుని తినిపోతుంది.

అన్నట్టు, అమ్మ పెళ్లిచీర బీరువాలో పాత పంచెలో చుట్టి ఉంటుంది. చూపించమన్నప్పుడల్లా, "దీపాలు పెట్టాక చూద్దువులే" అంటుంది. ఇన్నాళ్లూ బద్ధకమనుకున్నాను.