డబ్బులిచ్చి కొన్నా మనది కాదు

పక్కింటి కుర్రాడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఆన్‌లైన్‌లో చూసి సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్నాడు. అది దొంగ సరుకని పోలీసులు ఫోన్ చేశారు. "డబ్బులిచ్చే కొన్నాను కదా అంకుల్, నాదే కదా?" అని వాడి గొంతు పూడుకుపోయింది.

పాపం, కాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, అమ్మినవాడికి లేని హక్కు మామూలుగా కొన్నవాడికి రాదు. ఫోన్ అసలు యజమానికి చేరాల్సిందే.

అలాగని వీడు దొంగ కాడు. దొంగ సొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో, దురుద్దేశంతో పుచ్చుకుంటేనే భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం. తెలిశాక దాచుకున్నా చిక్కే. అందుకే చాటింగ్, యూపీఐ రసీదు, అమ్మినవాడి నంబరు ఏదీ చెరపొద్దన్నాను. విక్రయ చట్టం 14వ సెక్షన్ ఆధారంగా వాడి దగ్గర డబ్బు వెనక్కి అడగొచ్చు. కాకపోతే మనిషి దొరకాలి, అదే నా బాధ.

దయచేసి, డబ్బు కట్టకముందే అమ్మేవాడి ఎదుటే *#06# నొక్కండి. వచ్చిన ఐఎంఈఐ నంబరుకి ముందు ఇంగ్లిష్‌లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, 14422కి మెసేజ్ పెట్టండి. బ్లాక్ చేసిన ఫోనైతే అక్కడే తెలిసిపోతుంది.