మూడు రౌటర్లు, ఒకే పేరు

మా ఊరు తిరుత్తణికి దగ్గర. మా ఇల్లు తాత కట్టించిన రాతిగోడల ఇల్లు. ముందర వీధి అరుగు, తర్వాత ముందరి గది, నడుమ పెద్ద గది, వెనక మగ్గాల కొట్టం. మిద్దె మీద చిన్న గది ఒకటి ఉంది, అది మా అక్కది. నూలు బేరాల కోసం మా నాయన ముందరి గదిలో ఇంటర్నెట్ పెట్టించినాడు. దాని సిగ్నల్ నడిమి గోడ దాటేది కాదు.

అక్క ప్లస్ టూ ముగించి గ్రూప్ 4 పరీక్షకు చదువుతా ఉంది. అందులో తమిళం తప్పనిసరి. తెలుగు మీడియంలో చదివిన అక్కకు అదే భయం. రోజూ రాత్రి ఎనిమిది నుంచి పది వరకు ఫోనులో తమిళం క్లాసు వింటుంది. ఆ వేళకు ముందరి గదిలో నాయన, బేరగాళ్ళు మాట్లాడుకుంటా ఉంటారు. అందుకని అక్క వీధి అరుగు మీద కూర్చునేది.

ఒకరోజు ఎవరో ఏదో అన్నారు. నాయన లోపలికి వచ్చి, "రాత్రిపూట ఆడపిల్ల అరుగు మీద కూర్చుంటే ఏం బాగుంటాది? ఆ క్లాసు చాలు, ఇంక మానుకో" అన్నాడు. అక్క ఎదురు చెప్పలేదు. నోటు పుస్తకం మూసి మిద్దెకు వెళ్ళిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తిరువళ్ళూరులో మా మామ ఇంట్లో రెండు పాత రౌటర్లు ఊరికే పడి ఉన్నాయి. ఆదివారం రైలెక్కి వెళ్ళి అడిగి తెచ్చుకున్నాను. అక్క తాను దాచుకున్న డబ్బుతో కేబుల్ కొనిచ్చింది. తాడుతో కొలిస్తే నడిమి గదికి 18 మీటర్లు, మిద్దెకు 24 మీటర్లు. ఈ రకం కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది కాబట్టి ఆ కష్టం లేదు.

తెలిసీ తెలియకుండా కేబుల్ తగిలించేశాను. కాసేపటికి ఇంట్లో ఉన్న నెట్ కూడా పోయింది! అప్పుడే నాయన ఒకరికి డబ్బు పంపాల్సి ఉంది. "ఉన్నదాన్ని కూడా చెడగొట్టినావు కదరా!" అని బాగా తిట్టినాడు. అన్నీ పీకేసి మొదట ఉన్నట్టే పెట్టేశాను.

మరుసటి రోజు బడిలో కంప్యూటర్ సార్‌ను అడిగాను. సార్ నవ్వి, "ఒకే వరుసకు ఇద్దరు మనుషులు వేరువేరుగా టోకెన్లు ఇస్తే ఏమవుతుంది?" అన్నారు.

"ఒకే నంబరు ఇద్దరికి వస్తుంది, గలాటా అవుతుంది సార్."

"మీ ఇంట్లో జరిగింది అదే."

ప్రతి ఫోనుకు ఒక అడ్రసు నంబరు ఇచ్చే పనిని డీహెచ్‌సీపీ అంటారట. ఆ పని మొదటి రౌటర్ ఒక్కటే చేయాలి. పైగా మూడు రౌటర్ల సొంత అడ్రసూ 192.168.1.1 గానే ఉంది. ఒకే తలుపు నంబరుతో మూడు ఇళ్ళుంటే తపాలా మనిషి ఏం చేస్తాడు?

సార్ చెప్పింది రాసుకొని వచ్చాను. పాత రౌటర్లు రెండింటిలోనూ డీహెచ్‌సీపీ ఆపేశాను. వాటి అడ్రసులు 192.168.1.2, 192.168.1.3 అని మార్చాను. కేబుల్‌ను ఇంటర్నెట్ అని రాసి ఉన్న రంధ్రంలో కాకుండా, రెండు వైపులా ల్యాన్ రంధ్రంలోనే పెట్టాను. మూడింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాను. చానల్ మాత్రం 1, 6, 11 అని వేరువేరుగా పెట్టాను. అట్లా పెడితే ఒకదాని మాట ఇంకొకదానికి అడ్డం రాదు. గోడల ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ కంటే 2.4 గిగాహెర్ట్జ్ కొంచెం ఎక్కువ దూరం పోతుందని కూడా అప్పుడే తెలిసింది.

కేబుల్ పోవడానికి వాకిలి పైన తూటు వేయాలి. అడగడానికి భయపడి నిలబడి ఉంటే, నాయనే డ్రిల్లింగ్ మిషన్ తీసుకొని వచ్చినాడు. ఏమీ మాట్లాడలేదు. స్టూలు ఎక్కి, "యాడ వేయాల్రా?" అని మాత్రం అడిగినాడు.

ఇప్పుడు ఫోను పట్టుకొని అరుగు నుంచి మిద్దె దాకా నడిస్తే అదే పేరు కనిపిస్తుంది. రౌటర్ మారేటప్పుడు మాట ఒక క్షణం ఆగుతుంది, అంతే. ఇది తాతకు చూపించాను. తాత ఇట్లా అన్నాడు: "నేను చిన్నబడిలో ఉండేటప్పుడు మన ఊరు చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ ఒకటో తేదీన మద్రాసు రాష్ట్రంలో కలిపేసినారు. మేము కదలకుండానే పేరు మారిపోయింది. నీ ఫోను ఇల్లంతా తిరిగినా పేరు మారలేదే!" అందరం నవ్వుకున్నాం.

మన తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది 1997లో. వైఫైకి మొదటి నియమాలు వచ్చిందీ ఆ సంవత్సరమే అని తర్వాత చదివాను.

అక్క పరీక్ష ఇంకా రాయలేదు. ఇప్పుడు మిద్దె గదిలో తలుపు వేసుకొని క్లాసు వింటుంది. కిందికి తమిళ పాఠం వినిపిస్తుంటే నాయన బేరగాళ్ళతో, "కొంచెం మెల్లగా మాట్లాడండప్పా, పాప చదువుకుంటా ఉండాది" అంటాడు. ఆ మాట విన్నప్పుడు నేను తిన్న తిట్లన్నీ మరిచిపోతాను.