ఏడు మాత్రల బీట్

రాప్ పాడేవాడు బీట్ కూడా తానే కట్టుకోవాలా? నలభై దాటిన మనిషికి ఈ ఫికర్ ఎందుకంటారా? మా ఆపా కొడుకు వల్ల. రాజమండ్రిలో ఒక మొబైల్ షాపులో పనిచేస్తూ డిగ్రీ చదువుతున్నాడు. మన ఇంటి ఉర్దూ, గోదావరి తెలుగు కలిపి రాప్ రాస్తాడు. ఏడాదిగా కూడబెట్టిన 38 వేలు పెట్టి లాప్‌టాప్, చిన్న కీబోర్డు కొంటానంటున్నాడు. "ఇంకొకడి బీట్ మీద ఎన్నాళ్ళు మామూ?" అని వాడి సవాల్. ఆ పైసలు చివరి ఏడాది ఫీజుకి అంటుంది ఆపా. అసలు మౌసీఖీయే వద్దంటుంటే దానికి ఖర్చు కూడానా అంటారు దుల్హాభాయ్. ముగ్గురూ కలిసి నన్ను మున్సిఫ్‌ని చేశారు. పత్రికల్లో పనిచేసేవాడికి అన్నీ తెలుసని మా ఖాందాన్‌లో పాతకాలపు గలత్‌ఫహమీ ఒకటి ఉంది.

వాడు ఇప్పటిదాకా చేస్తున్నది ఇదీ: యూట్యూబ్‌లో ఫలానా రాపర్ 'టైప్ బీట్' అని వెతుకుతాడు, నచ్చింది దించుకుంటాడు, దాని మీద చదువుతాడు. ఫ్రీ అని రాసి ఉంటుంది గానీ చాలావాటికి ఆ ఫ్రీ పాట మీద పైసలు రానంతవరకే. కొంచెం డబ్బు కడితే లీజుకిస్తారు. లీజు అంటే కిరాయే, అదే బీట్ ఇంకా ఎంతమందికైనా ఇస్తారు. పూర్తిగా మనకే కావాలంటే ధర వేరే. మొన్న వీడు పాట పెట్టిన వారానికే, అదే బీట్ మీద ఎవరో వేరే భాషలో పాడింది దోస్తు ఒకడు పంపాడు. వలీమాకి కిరాయి షేర్వాణీ వేసుకెళ్తే, ఎదురుగా అదే షేర్వాణీలో ఇంకొకడు సలాం చెప్పినట్టయింది పిల్లాడికి.

అయితే ఇందులో బేఇజ్జతీ ఏముంది? లిల్ నాస్ ఎక్స్ అనే అమెరికా కుర్రాడు నెట్‌లో 30 డాలర్లకి ఒక బీట్ కొన్నాడు. కట్టినవాడు నెదర్లాండ్స్‌లో ఉన్న ఇంకో కుర్రాడు. ఆ 'ఓల్డ్ టౌన్ రోడ్' 2019లో అమెరికా పాటల పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ముంబై కుర్లాలో మన నావేద్ షేక్, అదే నేజీ, 2014లో 'ఆఫత్' పాటని నెట్‌లో దొరికిన బీట్ మీద ఐప్యాడ్‌తో రికార్డు చేసుకున్నాడు. మర్నాటి ఏడాది డివైన్‌తో కలిసి పాడిన 'మేరే గల్లీ మే'కి బీట్ సెజ్ ఆన్ ద బీట్ కట్టాడు. ఇంకా వెనక్కి వెళ్తే, రాప్ పుట్టిందంటూ చెప్పుకునే ఆ రాత్రి, 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, రికార్డులు తిప్పింది కూల్ హెర్క్, మైకు పట్టింది కోక్ లా రాక్. చేయి ఒకరిది, నోరు ఒకరిది.

మన జల్సాల సంగతేమిటి? సినిమా పాట తర్జ్ మీద నాత్ రాసి మీలాద్‌లో చదివేవాళ్ళు మన మొహల్లాల్లో లేరా? ఆ తర్జ్ కట్టిన మ్యూజిక్ డైరెక్టరు ఇజాజత్ ఎవరు అడిగారు? టైప్ బీట్ మనకి కొత్తేమీ కాదు.

కాబట్టి వాడు ఇజ్జత్ కోసమే లాప్‌టాప్ కొంటానంటే వద్దనేవాణ్ణి. కానీ వాడి పాటలు నాలుగైదు వరసగా విన్నాక నాకు ఇంకొకటి తట్టింది. ప్రతి మిస్రా చివరా ఒక 'యో', ఒక 'భాయ్', ఒక 'సునో'. ఎందుకురా అంటే "ఫ్లో కోసం మామూ" అన్నాడు. కాగితం తెప్పించి లెక్కపెట్టాను.

ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ షేర్లకి తఖ్తీ చేయించేవారు. ఫాఇలాతున్, ఫాఇలాతున్ అని బల్ల మీద వేళ్ళతో కొట్టించేవారు. తర్వాత తెలుగు డిగ్రీలో గురు లఘువులు నేర్చుకున్నాను. ఫాఇలాతున్‌కి తెలుగు లెక్క వేయండి: గురువు, లఘువు, గురువు, గురువు. రెండు, ఒకటి, రెండు, రెండు. మొత్తం ఏడు. మూడూ నాలుగుగా విరుగుతుంది. గురజాడ 1910లో మొదలుపెట్టిన ముత్యాల సరం నడక కూడా మూడూ నాలుగే, పాదానికి రెండేళ్ళ పద్నాలుగు మాత్రలు. డిగ్రీ రోజుల్లో ఇది చూసి, ఇంట్లో రెండు భాషలూ ఒకే తలుపు నుంచి వస్తున్నాయని ఎంత ఖుషీ పడ్డానో! మావాడి మిస్రాలు కూడా చాలావరకు ఈ ఏడు మీదే నడుస్తున్నాయి. ఎవరూ నేర్పలేదు. నానీమా లోరీల్లోంచి, బడిలో బట్టీపట్టిన పద్యాల్లోంచి వచ్చి ఉంటుంది.

బజారులో దొరికే బీట్లేమో దాదాపు అన్నీ నాలుగు దెబ్బలవి. దెబ్బకి నాలుగు చొప్పున పదహారు గదులు. వీడి మాట పద్నాలుగు గదులకే సరిపోతుంది, రెండు ఖాళీ. ఆ ఖాళీలో దూరుతున్నాయి యోలు, భాయ్‌లు. అమెరికావాడి కొలతకి కుట్టిన కమీజులో మనవాడు చేతులు మడుచుకుని తిరుగుతున్నాడన్నమాట. ఖాళీని ఖాళీగా వదిలేసి మజా చేసే రాపర్లూ ఉన్నారు, అది వేరే హునర్. ఏడు మాత్రల టైప్ బీట్ కావాలంటే మాత్రం వాడు ఎన్ని రాత్రులు వెతకాలో.

ఇక్కడ నాకు షేక్ నాజర్ గుర్తొచ్చారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు దూదేకుల ఇంటి బిడ్డ, బుర్రకథకి 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి, తన జీవితకథకి 'పింజారి' అని పేరు పెట్టుకున్న మనిషి. బుర్రకథలో కథకుడి భుజం మీద తంబురా, వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు. పక్కన ఇద్దరు వంతలు, వాళ్ళ చేతుల్లో డక్కీలు. పెద్ద దెబ్బ వంతలదే. కానీ నడక ఎటు తిరగాలో చెప్పేది కథకుడి వేళ్ళు, అడుగులు. ఆయన ఆగితే వాళ్ళు ఆగుతారు, ఆయన ఉరికితే వాళ్ళు ఉరుకుతారు. డక్కీ వాయించడం రాదని కథకుణ్ణి ఎవరూ తక్కువచేయరు. అందెలు కూడా వేరేవాడికిచ్చి, మద్రాసు నుంచి కిరాయికి తెచ్చిన చప్పుడు మీద కథ చెప్పమంటే నాజర్ చెప్పేవారా?

రంజాన్‌లో సహరీకి లేపడానికి గల్లీల్లో తిరిగే ఫకీరు సంగతి ఇంకా సాఫ్. ఒక్కడే మనిషి, చేతిలో దఫ్, నోట్లో కలాం. వాడి బీట్ వాడిదే, ఎవరికీ కిరాయి కట్టక్కర్లేదు.

దఫ్ మాట ఎత్తగానే దుల్హాభాయ్ సర్దుకు కూర్చున్నారు. ఆయన బాధని నేను తేలిగ్గా తీసిపారేయను. 'మియా భాయ్' పాటతో హైదరాబాద్ నుంచి దేశమంతా తెలిసిన రుహాన్ అర్షద్, సంగీతం దీన్‌లో జాయిజ్ కాదని చెప్పి 2021లో మానేస్తున్నట్టు ప్రకటించాడు. ఆ పేరు ముందు ఎత్తింది దుల్హాభాయే. సాజుల విషయంలో ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది, ఫత్వా చెప్పడానికి నేను ముఫ్తీని కాను. దఫ్‌కి పెళ్ళిళ్ళలో, ఈద్‌లో రిఆయత్ ఉందన్నది మాత్రం ఆయనా ఒప్పుకునే మాట. చప్పట్లు, దఫ్, నోటితో చేసే చప్పుడు: ఈ మూడింటితో ఏడు మాత్రలు నడిపితే ఇంట్లో సగం జగడా తగ్గుతుంది. పైగా ఆ చప్పుడు నెట్‌లో ఇంకెవరి దగ్గరా ఉండదు. రాపర్ నిరుపేదగా మొదలవడం షరమ్ కాదు.

అందుకని నా ఫైసలా ఇది: 38 వేలూ ఫీజుకే పోతాయి. లాప్‌టాప్ తర్వాత, ఇన్షా అల్లాహ్. బ్యాండ్‌ల్యాబ్ లాంటివి ఫోన్లో ఫ్రీగానే ఉన్నాయి, పొరలు పేర్చుకోవడానికి అవి చాలు. రోజూ ఇషా తర్వాత పావుగంట తన మిస్రాలని తొడ మీద చేత్తో కొట్టుకుంటూ చదవాలి, మెట్రోనోమ్ వద్దు. దఫ్ కోసం మొహల్లాలో ఒక పిల్లాణ్ణి చూసుకున్నాడు, మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు, చెయ్యి మంచిది. మొదటిరోజు ఆ పిల్లాడు అలవాటుకొద్దీ నాలుగుకే లాగాడట. ఎనిమిదోది ఎక్కడికి పోయిందని వెతుక్కున్నాడట పాపం.

ఆపా సంతోషించింది. మావాడు మూడ్రోజులు అలిగి, తర్వాత 'యో'లు లేని మొదటి పాట వినిపించాడు. దుల్హాభాయ్ విన్నారు, ఏమీ అనలేదు, లేచి కూడా వెళ్ళలేదు. ఆ పాట మీద పైసా వస్తే దఫ్ పిల్లాడికి సగం ఇవ్వాలని కాగితం మీద రాయించాను, ఇద్దరూ దస్తఖత్ చేశారు. పాట కింద ఎవరి పేరు ముందు రావాలన్న దగ్గర మాత్రం ఇంకా బహస్ నడుస్తోంది.