హుస్సేనీ ఆలం మిద్దెల మీద వేళ్లు చూస్తే

చార్మినార్ నుంచి లాడ్ బజార్, మహబూబ్ చౌక్ దాటి పడమరకు నడిస్తే హుస్సేనీ ఆలం. కింద చెట్టుకు చోటు లేని ఈ గల్లీల్లో పచ్చదనం మిద్దెలెక్కింది: కరివేపాకు, మల్లె, టమాటా, కుండీలో జామ అంటు. ఒక మిద్దె మీద కాపు అయిపోయి పీకేసిన టమాటా మొక్క వేళ్లను నీళ్లలో జాడిస్తే, పీచువేళ్ల పొడవునా పూసలు గుచ్చినట్టు బుడిపెలు కనిపించాయి. చిక్కుడు, బొబ్బర్ల వేళ్లకుండే మేలు చేసే బుడిపెలు గోటితో గీకితే ఊడి వస్తాయి. ఇవి రావు, ఎందుకంటే వేరు తానే ఉబ్బి ముడిపడింది. ఇది వేరుబుడిపె నులిపురుగు పని.

ఈ పురుగు మనకు పాతదేగా, ఎవరికైనా చెప్పడమెందుకు అంటారు. కొత్త జాతి ఆ ధీమా చాటునే చొరబడుతుంది. 1983లో చైనాలోని హైనాన్ దీవి నుంచి వర్ణించిన మెలాయిడోగైన్ ఎంటెరోలోబీ అనే వేరుబుడిపె జాతి తమిళనాడు జామతోటల్లోకి చేరిందని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పాత జాతుల్ని తట్టుకునే టమాటా రకాలు కూడా దీని ముందు నిలవవు. ఆకులు పసుపెక్కి చెట్టు వాడుతుంటే మనం ఎరువు పెంచుతాం, వేళ్లు మాత్రం చూడం. పురుగు ఏ జాతో తేలాలంటే సూక్ష్మదర్శిని, డీఎన్‌ఏ పరీక్ష కావాలి. అందుకే మొక్కలు పెంచేవాళ్లు నిర్ధారించనక్కర్లేదు, అనుమానం చెబితే చాలు.

కుండీలోని మట్టి ఎక్కడికి పోతుందిలే అనే మాటా ఉంది. నులిపురుగు తనంతట తాను దూరం పోలేదు. నర్సరీ సంచి మట్టితో జిల్లాలు దాటుతుంది. పట్నపు కుండీకి, పల్లె తోటకు వచ్చే అంటు ఒకే రకం సంచిలో వస్తుంది.

చెబితే ఆంక్షలు పెడతారన్న భయాన్ని మాత్రం తేలిగ్గా తీసేయలేను. బంగాళాదుంపను పీడించే మరో నులిపురుగు బయటపడినందుకు 2018లో హిమాచల్, జమ్మూకశ్మీర్, ఉత్తరాఖండ్ విత్తన దుంపల రవాణాను కేంద్రం ఆపేసింది. అయితే అదే పురుగు 1961లోనే నీలగిరుల్లో దొరికింది. అంటే నష్టం కబురు వల్ల కాదు, జాప్యం వల్ల: కబురు ముందే అందితే ఒక మడి దగ్గర ఆగుతుంది, ఆలస్యమైతే రాష్ట్రాల మీద పడుతుంది. ముందుగా చెప్పిన నర్సరీకి నష్టపరిహారం ఇవ్వాలని ప్రభుత్వాన్ని అడగడం న్యాయమే.

అనుమానం వస్తే పీచువేళ్లతో సహా తడిమట్టిని ప్లాస్టిక్ సంచిలో కట్టి, మొక్క పేరు, తేదీ, కొన్న చోటు రాసి నీడలో ఉంచండి. ఆ మట్టిని వేరే కుండీలో పోయకండి. నమూనా ఎక్కడ ఇవ్వాలో ఉద్యానశాఖ అధికారిని అడగండి. లేదా కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయండి: 1800-180-1551. కాల్‌కు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.