తొమ్మిది కాగితాల మీద మా దాది

మా తండా రుద్రంగి, మానాల దిక్కు గుట్టల నడుమ ఉంటుంది. 2018లో తండాలు గ్రామపంచాయతీలైనప్పుడు మాదీ అయింది. అప్పటి నుంచి ఊరి మొగదల ఫ్లెక్సీలకు కొదువ లేదు. ఎన్నికైనా, పుట్టినరోజైనా, పండుగైనా మనిషి కంటే పెద్ద మొఖాలు. వాటిల్లో మా తండా ఆడవాళ్ళ మొఖం ఒక్కటీ చూడలేదు నేను.

మా ఇంట్లో పోస్టుకార్డంత నలుపు తెలుపు ఫోటో ఒకటుంది. ఎప్పుడో తీజ్ నాడు కోరుట్ల నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ తీసిండట. తీజ్ బుట్టల పక్కన ఏడుగురు ఆడవాళ్ళు. పేటియా, కాంచళి, మోచేతుల పైదాకా బలియలు. ఎడమ నుంచి మూడో ఆమె మా దాది. మిగతా వాళ్ళలో ఇద్దరి పేర్లే మా బా చెప్పగలిగిండు. దీన్ని పెద్దగా చేయించి, నేను చెప్పే బడి గోడకు పెట్టాలనుకున్నాను.

ముందు తప్పు నేనే చేశాను. ఫోన్‌తో ఫోటోను ఫోటో తీసి వాట్సాప్‌లో ఒక ఫ్లెక్సీ షాపుకు పంపాను. వచ్చిన దాంట్లో ఏడుగురూ తెల్లగా, నున్నగా ఒక్క తీరుగా ఉన్నారు. దాది గదవ మీది పచ్చబొట్టు మాయం! "మచ్చలు తీసేసి క్లియర్ చేసిన మేడం" అన్నడు పిల్లగాడు. అతనిది చెడు బుద్ధి కాదు. వాట్సాప్ బొమ్మను కుదించి పంపుతుంది, అందులో లేని వివరాన్ని కంప్యూటర్ తనకు తోచినట్టు నింపుతుంది. దానికి మా పచ్చబొట్టు మచ్చే. ఆ ఫ్లెక్సీని చుట్టి అటక మీద పడేశాను.

జగిత్యాలలో స్నేహితురాలి ఇంట్లో స్కానర్ ఉంది. ఫోటోను మెత్తని పొడిగుడ్డతో తుడిచి, అద్దం మీద బోర్లా పెట్టి, అంగుళానికి 600 చుక్కల లెక్కన స్కాన్ చేశాం. నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు ఫోటో కాబట్టి 2400 చుక్కల అడ్డం, 3600 చుక్కల నిలువు వచ్చింది. పుస్తకంలో అచ్చుకైతే అంగుళానికి 300 కావాలి. గోడ మీది బొమ్మను నాలుగడుగుల దూరం నుంచి చూస్తాం, 100 దాటితే చాలు. 21 అంగుళాల వెడల్పుకు పెంచితే నాకు 114 దక్కింది. బొమ్మను సరిదిద్దే బటన్లు ఒక్కటీ ముట్టుకోలేదు.

మా ఇంట్లో ఉన్నది పిల్లలకు ప్రశ్నపత్రాలు తీసే లేజర్ ప్రింటర్. ఏ4 కాగితం తప్ప ఎక్కదు. స్కాన్‌ను ఫోటో అంచుల వరకే కత్తిరించి పీడీఎఫ్ చేసి, అడోబ్ రీడర్‌లో ప్రింట్ కొట్టేచోట 'పోస్టర్' అని ఉంటే అది నొక్కాను. 525 శాతం పెంచి, కాగితం మీద కాగితం సెంటీమీటరు ఎక్కేలా పెడితే తొమ్మిది కాగితాలు వచ్చాయి. అడ్డం మూడు, నిలువు మూడు. (ఇంక్ ప్రింటర్ ఉన్నవాళ్ళు జాగ్రత్త, తడి తగిలితే చాలా ఇంకులు కారుతాయి.)

కాగితాలు నేరుగా గోడకు అంటిస్తే వానాకాలం దాటవు. సిరిసిల్లలో మరమగ్గాల నూలు గుడ్డ, లంగాలకు వాడేది, రెండు మీటర్లు తెచ్చాను. సినిమా పోస్టర్లకు వాడినట్టే మైదా లై ఉడికించాను. లై తడికి కాగితం సాగుతుందని అప్పుడే తెలిసింది. మూలనుంచి మొదలుపెట్టినందుకు మూడో కాగితానికే దాది భుజం ఒక దిక్కు, చెయ్యి ఒక దిక్కు అయినయి. పీకేసి, మళ్ళీ తొమ్మిదీ తీసి, లై పలుచగా పూసి, నడిమి కాగితం నుంచి బయటికి అంటించాను. అతుకులు ఇప్పటికీ కనబడతాయి. కనబడనీ.

మన పాత ఫోటోలు ఇళ్ళల్లోనే కాదు, దూరాన కూడా ఉన్నాయి. 1940ల్లో మార్లవాయిలో ఉండి హైమండార్ఫ్ తీసిన గోండుల ఫోటోలు లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి, స్కాన్లు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. టీచర్లు బడికి వాడుకోవాలంటే వాడుక షరతులు చదివి, పెద్ద సైజు ఫైలు అడగాలి. తెరమీద కనబడే చిన్న కాపీ గోడకు చాలదు.

తీజ్ ముందురోజు గుడ్డను బడి వరండాలో కట్టాం. మా వరుసకు దాది అయ్యే ముసలామె కర్ర పట్టుకొని వచ్చింది. చిన్న ఫోటో ఇంతకుముందు ఆమెకు చూపిస్తే "కండ్లు ఆనవు బిడ్డా" అని పక్కకు పెట్టింది. ఇప్పుడు కుడి చివర నిలబడ్డ మనిషి దగ్గరికి పోయి, మోచేతి కింద నాలుగు చుక్కల పచ్చబొట్టు మీద వేలు పెట్టింది.

"ఇది మా యాడి."

తన తల్లి ఫోటో ఒకటి ఉందని ఆమెకు అన్నేండ్లూ తెలియదు. ఆమే ఇంకో ఇద్దరిని గుర్తుపట్టింది. పిల్లలు పేర్లు పెన్సిల్‌తో గుడ్డ అంచున రాశారు. ఎడమ నుంచి రెండో ఆమె ఎవరో ఎవరికీ అందలేదు. "మానాల దిక్కు ఇచ్చిన పిల్ల కావచ్చు, అడగాలె" అన్నది ముసలామె. ఆ చోటు ఖాళీగా ఉంచాం. ఈసారి అటు పోయేటప్పుడు రెండో కాపీ చుట్టి పట్టుకపోతాను.