ఖసర్ నమాజు

మాది నర్సీపట్నం. ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే చాలామందికి చాలదు. "అది సరేనండీ, అంతకుముందు ఎక్కణ్నుంచి వచ్చారు?" అంటారు. మా పక్కింటివాళ్ళని ఎవరూ ఈ ప్రశ్న అడగరు. మాకు మాత్రం ఒక 'అంతకుముందు' ఉండి తీరాలి. అది ఢిల్లీయో, లాహోరో, అరేబియానో అయితే అడిగినవాళ్ళకి తృప్తి. అంతకుముందు కూడా మేం ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే ఉన్నామంటే నమ్మకం కుదరదు.

పాత రోజుల మీద బెంగ మాకూ ఉంటుంది. ఎక్కడికైనా పోవాలనే యావ మాకూ ఉంటుంది. ఉన్నచోట చల్లగా బతకాలనీ ఉంటుంది. మనుషులందరికీ ఉండే ఈ మూడింటినీ మేం మాత్రం ఆచితూచి బయటపెట్టుకోవాల్సి వస్తోంది.

ఈ సంగతి చెప్పడానికి మా ఇంట్లో ఒక మాట ఉంది. ఖసర్. ముస్లిం కాని మిత్రులకి తెలియకపోవచ్చు. ప్రయాణంలో ఉన్నవాడు నమాజుని కుదించుకోవచ్చు. జొహర్, అసర్, ఇషా వేళల్లో నాలుగేసి రకాతుల ఫర్జు నమాజు రెండేసి రకాతులవుతుంది. ఫజర్‌లోని రెండూ, మగ్రిబ్‌లోని మూడూ అలాగే ఉంటాయి. మేం పాటించే హనఫీ పద్ధతిలో సుమారు 48 మైళ్ళు, అంటే 77 కిలోమీటర్లు దాటిన ప్రయాణమైతేనే మనిషి ముసాఫిర్. వెళ్ళిన ఊళ్ళో 15 రోజులు, ఆపైన ఉండాలనుకుంటే మళ్ళీ నాలుగు రకాతులూ చదవాలి. "రేపు పోతాను, ఎల్లుండి పోతాను" అనుకుంటూనే ఉండిపోయినవాడికి ఏళ్ళు గడిచినా ఖసరే. అంటే ఒక ఊరికి నువ్వు బాటసారివా, నివాసివా అన్నది నీ నియ్యత్ తేలుస్తుంది. ఆ ఊరి జనం తేల్చరు.

మా దాదా 1935లో విశాఖపట్నం రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు. ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కూలికోసం ఎంతమంది వెళ్ళారో! 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. మనవాళ్ళని అక్కడ కోరంగీలనేవారు. దాదా రేవులో బియ్యం బస్తాలు మోశాడు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మందితోపాటు తనూ బయల్దేరాడు. ప్రోమ్ నుంచి తాంగుప్ కనుమ దాటి, అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్ చేరాడు. ఆ వలసదారుల్లో ఆకలికీ, కలరాకీ వేలమంది పోయారు. దాదా మిగిలాడు. ఒక రేకు పెట్టె, రెండు లుంగీలు, లక్క పూసిన చిన్న వెదురు బరిణె వెంట తెచ్చుకున్నాడు.

మనిషి ఇల్లు చేరాడు గానీ మనసు చేరలేదు. అన్నం ముందు కూచుంటే రంగూన్ చేప గుర్తొచ్చేది. వాన పడితే అక్కడి వాన. మా దాదీ ఏడేళ్ళు పసిబిడ్డ అయిన మా అబ్బాని పెట్టుకుని, మనియార్డరు కోసం గుమ్మంలో నిలబడ్డ మనిషి. ఒకరోజు విసిగిపోయి అందట: "నువ్వు రంగూన్‌లో పూర్తి నమాజు చదివి, ఇంటికొచ్చి ఖసర్ చదువుతున్నావు." ఆ మాట మా ఇంట్లో సామెత అయిపోయింది. ఎవరైనా ఎదుట ఉన్న మనిషిని వదిలేసి ఎక్కడో ఆలోచిస్తుంటే, "ఏమిటి, ఖసరా?" అంటాం.

దాదీకి మాత్రం ఎక్కడికైనా పోవాలని ఉండేది కాదా? ఉండేది. ఆ రోజుల్లో ఆడదాని ప్రయాణం పుట్టింటికి, అత్తింటికి మధ్యే. జీవితంలో ఒకేసారి విశాఖపట్నం రాస్ హిల్ దగ్గరి ఇషాక్ మదీనా దర్గాకి వెళ్ళింది. అక్కడ ఒక కొండ మీద దర్గా, పక్క కొండ మీద చర్చి, ఇంకో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. కింద సముద్రం. "ఇదేనా మీ దాదాని పట్టుకుపోయింది!" అని చాలాసేపు చూసిందట. మా ఊరి నుంచి విశాఖ 80 కిలోమీటర్ల పైమాటే కదా, ఆ రోజు జొహర్ రెండు రకాతులే చదివింది. "నేనూ ఒకరోజు ముసాఫిర్‌నయ్యాను" అని చచ్చేదాకా చెప్పుకుని మురిసింది.

మా ఎదురింటి తాతగారు కూడా రంగూన్ వెళ్ళొచ్చినవారే. వాళ్ళింట్లో బర్మా టేకు మంచం ఉంది. వచ్చినవాళ్ళకి దాన్ని చూపించి గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవాలి కూడా. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చాక తిరిగొచ్చిన వాళ్ళ జ్ఞాపకాలు అందరూ ఇష్టంగా వింటారు. మేం మాత్రం రంగూన్ సంగతి ఎవరి ముందూ ఎత్తం. వాళ్ళ తాత పరదేశం వెళ్ళొస్తే అది సాహసం. మా దాదా వెళ్ళొస్తే, "ఓహో, అయితే మీరు అక్కణ్నుంచి వచ్చారన్నమాట!" ఇద్దరూ మోసింది ఒకే బియ్యం బస్తాలు.

రంగూన్ అంటే బహదూర్ షా జఫర్ గుర్తొస్తాడు. 1857 తిరుగుబాటు అణిగాక ఆ ముసలి చక్రవర్తిని ఇంగ్లీషువాళ్ళు అక్కడికి పంపేశారు. 1862 నవంబరు 7న అక్కడే పోయాడు. గుర్తు తెలియకుండా పూడ్చేశారు. 1991లో తవ్వుతుంటే ఆ సమాధి బయటపడింది. 1885లో బర్మా చివరి రాజు తీబాని గద్దె దించి, తర్వాత మన రత్నగిరికి తెచ్చి పడేశారు. 1916లో ఆయన ఇక్కడే పోయాడు. మా నర్సీపట్నంలోనే ఇద్దరు ఇంగ్లీషు అధికారుల సమాధులున్నాయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర అల్లూరి సీతారామరాజు దళం చేతిలో చచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్‌లవి. ఎక్కడివాళ్ళో ఎక్కడ మట్టయ్యారు! మట్టి ఎవర్నీ 'అంతకుముందు' అడగదు.

మనుషులు అడుగుతారు. 1992 డిసెంబరు 6 తర్వాత ఆ అడగడంలో గొంతు మారింది. ఒక పట్నంలో అద్దె ఇంటికోసం తిరుగుతున్నప్పుడు ఒక ఇంటాయన ఎంతో మర్యాదగా సొంతూరు అడిగాడు. చెప్పాను. పేరు అడిగాడు. చెప్పాను. "కాదమ్మా, అసలు ఊరు?" అన్నాడు. పిల్లలకి పాఠాలు చెప్పే టీచర్ని. ఊరు అంటే ఏమిటో నాకూ తెలుసు. అసలు ఊరు, నకిలీ ఊరు అని రెండుంటాయని ఆరోజే తెలిసింది. ఇల్లు దొరకలేదు.

2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల తుది జాబితా వచ్చింది. 19 లక్షల మంది పేర్లు అందులో లేవు. ఆ డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. మూడు పొరుగుదేశాల నుంచి 2014 చివరిలోగా వచ్చిన ఆరు మతాలవారికి దారి చూపింది. మా మతం పేరు అందులో లేదు. మా ఇంట్లో దాదా రేకుపెట్టె అటక దిగింది. అంతవరకూ పండక్కి పిల్లలకి బరిణె చూపించడానికి తీసేవాళ్ళం. ఈసారి కాగితాల కోసం. లుంగీలు దులిపాం. పెట్టె అడుగున పరిచిన పాత పత్రికని కూడా పైకెత్తి చూశాం. ఏమీ లేదు. అబ్బా అప్పటికి 85 ఏళ్ళ మనిషి. మెల్లగా అన్నాడు: "మా నాన్న ఏడేళ్ళు బయట ఉన్నాడని మాత్రం ఎక్కడా అనకండి." దాదా బతికిన బతుకులో వెలుగున్న ఏడేళ్ళు అవే. వాటిని కొడుకే దాచమంటున్నాడు. నాకు చట్టం కన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది. జ్ఞాపకాల పెట్టె సాక్ష్యాల పెట్టె అయిపోతే ఇక మనిషి దేన్ని తలుచుకుని బెంగపడాలి?

ఇక మా వాడి గొడవ. పాతికేళ్ళవాడు. "అమ్మీ, ఈ ఊళ్ళో ఏముంది?" అంటాడు. చలికాలం వస్తే లంబసింగి మంచు చూడ్డానికి హైదరాబాదు నుంచి కూడా జనం వస్తారు. తెల్లారకముందే కార్లు మా ఊరి మీదుగా కొండెక్కుతాయి. వాళ్ళు ఇటు వస్తుంటే వీడు అటు చూస్తాడు. వయసు అలాంటిది. మా ఊరి పేరుతో నర్సీపట్నం రోడ్డు అనే రైల్వే స్టేషను ఉంది. అది మా ఊళ్ళో లేదు, దూరంగా మెయిను లైను మీద ఉంది. 2022 ఏప్రిల్ 4న మా ఊరు విశాఖ జిల్లా లోంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. మేం ఎక్కడికీ కదలకుండానే చిరునామా మారింది. ఇదంతా చెప్పి మా వాణ్ని నవ్వించాను గానీ వెళ్ళొద్దనలేదు. ఎందుకంటానూ? దాదా వెళ్ళాడు, మా తమ్ముడు కువైట్ వెళ్ళాడు. వెళ్ళాలనే ఆశ మా రక్తంలో ఉందనను, మా బీదరికంలో ఉంది.

నాకు తోచింది ఒక్కటే. మహమ్మద్ ప్రవక్త పుట్టింది మక్కాలో. 622లో మదీనాకి వలసపోయారు. 630లో మక్కా ఆయన వశమైంది. అయినా అక్కడ ఉండిపోలేదు. ఉన్న కొద్దిరోజులూ పుట్టిన ఊళ్ళోనే ముసాఫిర్‌గా ఖసర్ చదివి మదీనా వెళ్ళిపోయారు. మక్కా మీద ఆయనకి ప్రేమ లేదని ఎవరంటారు? ఒక ఊరి మీద బెంగ, ఇంకో ఊళ్ళో కాపురం, రెండూ ఒకే గుండెలో పడతాయి. మేం రంగూన్‌ని తలుచుకున్నంత మాత్రాన నర్సీపట్నానికి పరాయివాళ్ళం కాం. నర్సీపట్నంలో సుఖంగా ఉన్నామంటే గతిలేక కాదు. కాగితం దొరికినా దొరక్కపోయినా ఇది మా ఇల్లు కాబట్టి.

అందుకే మా వాడికి చెప్పాను. "వెళ్ళు నాన్నా. పది రోజులుంటే రెండు చదువు, పదేళ్ళుంటే నాలుగు చదువు. ఎప్పటికైనా ఆ ఊరే నీ ఊరనిపిస్తే ఇక్కడికొచ్చి ఖసర్ చదువుకో, నేనేమీ అనుకోను. కానీ ఇక్కడ ఉన్నన్నాళ్ళూ సగం నమాజు మాత్రం చదవకు."